ఆరు వందల పన్నెండు దొరసానులు

'కృతజ్ఞతలు' అన్న మాట కాగితం మీద కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నోటితో అంటే పరవాలేదు. పరిశోధన వ్యాసం చివర, చీమ తలకాయంత అక్షరాల్లో, మైక్రోస్కోపు అరువిచ్చిన వాళ్లకీ బొమ్మలు గీసిచ్చిన వాళ్లకీ మధ్యన ఇరికించి "సాంకేతిక సహాయం చేసిన లాండీ షోల్‌కు కృతజ్ఞతలు" అని రాస్తే మాత్రం మండుతుంది. సహాయమట! పెళ్లికూతుర్ని పట్టుకుని, పెళ్లికి వచ్చినందుకు సంతోషం అన్నట్టు ఉంటుంది.

మేరిదా నగరం చివర ఒక పరిశోధన సంస్థలో నేను అప్పటికి పదకొండేళ్లుగా టెక్నీషియన్‌ని. మా గదికి పెద్ద, డాక్టర్ ఇబార్రా. మంచి చొక్కాలు వేసుకుంటాడు, ఎవరినీ గట్టిగా కసరడు, అందుకని అందరూ మంచివాడంటారు. ఆ ఏడు వానలు వెనకబట్టి ఎండలు మొదలవుతుండగా ఆయనకు కుట్టని తేనెటీగల పేగుల మీద మోజు పుట్టింది. అందులో ఎవరూ చూడని బ్యాక్టీరియా ఉండి తీరాలి అన్నాడు. ఉంటే ఉంటుంది, కానీ ఈగలెక్కడివి? అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, నాకు ఒక తల్లి ఉందని.

మా అమ్మ ఫిదేలియా ఊళ్లో నలభై మూడు బోలు దుంగల్లో ఈగలను పెంచుతుంది. తాటాకు కప్పిన కొట్టంలో దుంగలు వరసగా పేర్చి ఉంటాయి. రెండు కొసలా చెక్క బిళ్లలు, చుట్టూ మట్టి, మధ్యలో ఈగ పట్టేంత కంత. ఈ ఈగలను మా భాషలో దొరసానులు అంటారు. ఎవరింట్లో తగువులాడుకుంటే ఆ ఇల్లు వదిలి వెళ్లిపోతాయి కాబట్టి కొట్టం దగ్గర అమ్మ గొంతు పెంచదు, ఎవర్నీ పెంచనివ్వదు. తేనె తీసేటప్పుడు పొరపాటున ఒక్క ఈగ నలిగినా సరే, దాన్ని ఆకులో చుట్టి కొట్టం మూల మట్టిలో పెడుతుంది. పూజలూ మంత్రాలూ ఏమీ ఉండవు. మర్యాద, అంతే.

"చంపి పొట్టలు కోస్తారా?" అంది నేను అడిగినప్పుడు.

"పేగు తియ్యాలంటే అంతేగా అమ్మా. కొత్త జీవం దొరికితే ప్రపంచమంతా తెలుస్తుంది."

"ప్రపంచానికి తెలియకపోతే వాటికి నిద్ర పట్టడం లేదా?" అని నవ్వింది. మొక్కజొన్న ముద్ద అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేసింది. "సరే, పట్టుకెళ్లు. నీ ఉద్యోగం కదా. కానీ పేగులు మీకు, ఈగలు నాకు. ఒక్కటీ తగ్గకుండా తిరిగి తీసుకురా. నేను పాతిపెట్టుకుంటాను."

"తెస్తానమ్మా," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

మొదటి విడత నలభై. వాటిని మంచులో పెట్టి నిద్రపుచ్చి, సన్న చిమటాతో తోక కొస పట్టుకుని లాగితే పేగు దారంలా వస్తుంది. ఈగకో నంబరు వేసి నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. పేగు నలిపి ప్లేట్లలో గీస్తే ఏముంది, చర్మం మీదా గాలిలోనూ దొరికే ఊరు పేరు లేని చెత్త తప్ప ఏమీ మొలవలేదు. నలభై శరీరాలనూ చిన్న సీసాలో వేసి ఆదివారం ఊరికి తీసుకెళ్లాను. అమ్మ ఒక్కొక్కదాన్నీ ఆకులో చుట్టింది. నేను గుంట తవ్వాను.

రెండో విడత సీసా నా సంచిలో ఇబార్రా కంటపడింది.

"ఇదేంటి లాండీ?"

"మా అమ్మకి తిరిగిచ్చేయాలి డాక్టర్ గారూ. అలా అయితేనే ఇచ్చింది."

"ల్యాబ్‌లో కోసినది ఏదైనా ఆటోక్లేవ్‌లోకే వెళ్లాలి. ఈ రూలు గోడ మీద నీ చేత్తోనే అతికించావుగా?" అన్నాడు మెత్తగా. "మీ అమ్మగారికి ఏదో ఒకటి చెప్పు. పాపం పల్లెటూరి మనిషి."

పల్లెటూరి మనిషి! ఆ పల్లెటూరి మనిషి ఈగలే కదయ్యా నీకు కావలసివచ్చాయి అని నోటిదాకా వచ్చింది. కానీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం నాది. పొడిగింపు కాగితం మీద సంతకం ఆయనది. సీసాను ఆ ఆవిరి డబ్బాలో పెట్టి మూత బిగించాను. పదిహేను నిమిషాల తర్వాత తీస్తే ఉడికిన పప్పులా ఉంది. ఆ ఆదివారం అమ్మ "ఏవే?" అని అడిగితే "ఫ్రీజర్‌లో ఉన్నాయి, అన్నీ కలిపి ఒకేసారి తెస్తాను" అన్నాను. తర్వాత ప్రతి ఆదివారం అదే మాట. చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

జనవరి వచ్చినా ప్లేట్లలో ఏమీ మొలవలేదు. రాజధాని నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి లెయాండ్రో కంప్యూటరు ముందు కూర్చుని "అసలు ఏమీ లేదేమో" అనడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఈగను ఆ పిల్లాడు జుర్రుకునే నిమ్మకాయ సోడా మీద తప్ప ఎక్కడా చూసి ఉండడు.

ఆ వారం ఊళ్లో చిక్కుడుగింజల పులుసు తాగుతూ నా గోడు వెళ్లబోసుకున్నాను. అమ్మ పుల్లనారింజ పిండుతూ వింది.

"ఇంతకీ ఆ ప్లేట్లలో వాటికి ఏం పెడుతున్నావే?"

"దూడ మెదడూ ఎద్దు గుండే ఉడికించిన రసం. అన్ని బ్యాక్టీరియాలూ తింటాయి."

అమ్మ పిండడం ఆపింది. "ఏంటీ?"

"ఎద్దు గుండె."

"నీ చదువు తగలెయ్య! పువ్వు తప్ప ఎరగని ఈగ కడుపులో పుట్టినదానికి ఎద్దు మెదడు పెడతావా? ఇంటికొచ్చిన చుట్టానికి ఏం తింటారో కనుక్కుని పెట్టవా? నీకు పళ్లెంలో గడ్డి వేసి, అన్ని పశువులూ తింటున్నాయిగా నువ్వూ తిను అంటే ఊరుకుంటావా?"

నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. అమ్మ లేచి కొట్టంలోంచి చిన్న మైనపు కుండ తెచ్చి చేతిలో పెట్టింది. ఈగలు తమ పిల్లల కోసం దాచుకునే పుప్పొడి అది. తేనెతో కలిసి పులిసి, ఊరగాయ వాసన వేస్తుంది.

"ఇది పెట్టి చూడు. ఉడికించి పాడుచెయ్యకు."

ఉడికించలేదు. నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలాంటి వడపోతలోంచి దింపి ప్లేట్లలో కలిపాను. దుంగలోపల ఉండేంత వెచ్చదనమే పెట్టాను. ప్లేట్లను డబ్బాలో పేర్చి, కొవ్వొత్తి వెలిగించి మూత బిగించాను. లోపలి గాలి చాలామటుకు తినేసి కొవ్వొత్తి ఆరిపోతే, గాలి పడని జీవాలు ధైర్యంగా బయటికి వస్తాయి. ఆరో రోజు పొద్దున్న మూత తీసేసరికి ప్లేటు నిండా గసగసాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు! ఒక్కో చుక్కా ఒక్కో కుటుంబం. గదిలో ఎవరూ లేరు. ఉన్నా నేను ఆగేదాన్ని కాదు, గంతులేశాను.

తర్వాత పనంతా నాదే. చుక్కను మళ్లీ గీసి, ఆ చుక్కను మళ్లీ గీసి, అది ఒంటరి అని తేలేదాకా గీశాను. ఏ చక్కెర తింటుంది, ఎంత ఉప్పు ఓర్చుకుంటుంది, ఎంత వేడికి చస్తుంది, అన్నీ రాశాను. ఆరు దుంగల ఈగల్లోనూ అదే ఉందని చూపడానికి మళ్లీ మళ్లీ ఈగలు కోశాను. దాని జన్యువు చదవడానికి రాజధానికి పంపితే, ఇప్పటివరకు తెలిసిన ఏ బ్యాక్టీరియాతోనూ నూటికి తొంభై ఆరు పాళ్లకు మించి కలవలేదని జవాబొచ్చింది. తొంభై ఎనిమిదికి తగ్గితేనే కొత్త జాతి అంటారు.

ఇబార్రా కేకు తెప్పించాడు. "మనం సాధించాం!" అన్నాడు. ఆ 'మనం'లో నేనున్నాననే అనుకుని రెండు ముక్కలు తిన్నాను.

ఫిబ్రవరిలో వ్యాసం చిత్తుప్రతి ప్రింటరులో పడి ఉంటే చూశాను. మొదటి పేరు లెయాండ్రో. చివరి పేరు ఇబార్రా. మధ్యలో ఒక్కసారి కూడా మా గది గడప తొక్కని ఇద్దరు. కొత్త జాతికి సంస్థ డైరెక్టర్ గారి పేరు పెట్టారు, ఎందుకంటే కొత్త భవనం కట్టించేది ఆయన. నేను ఎక్కడున్నానో చెప్పానుగా.

అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితాలు పట్టుకుని తిన్నగా ఆయన గదిలోకి వెళ్లాను.

"డాక్టర్ గారూ, ఇందులో నా పేరేది?"

"ఉందిగా లాండీ, చివరి పేజీలో."

"దాన్ని పట్టింది ఎవరు? పెంచింది ఎవరు? ఈ లెయాండ్రోకి అది కుడి పక్క తిరుగుతుందో ఎడమ పక్క తిరుగుతుందో కూడా తెలియదు."

"ఆవేశపడకు. టెక్నీషియన్లు చేతులు, రచయితలు తల. ఇది నేను పెట్టిన పద్ధతి కాదు, ఎప్పటినుంచో ఉన్నదే." చిరునవ్వుతో అన్నాడు: "అయినా నీకు పేరెందుకు? పొడిగింపు కాగితం వచ్చే నెల నా బల్ల మీదకు వస్తుంది. దాని సంగతి చూద్దాం."

బెదిరింపును ఇంత మర్యాదగా చుట్టి ఇవ్వడం చదువుకున్నవాళ్లకే చేతనవును. బయటికొచ్చి గాజు సామాను కడిగాను. రెండు పగిలాయి. పగిలితే పగిలాయి.

కానీ బ్యాక్టీరియాకి పేరు పెట్టడం పిల్లాడికి పేరు పెట్టినంత తేలిక కాదు. బతికున్న నమూనాను రెండు దేశాల్లోని భాండాగారాల్లో దాచిపెట్టాలి, ఎవరడిగినా ఇవ్వడానికి. అలా దాచకపోతే ఎంత గొప్ప వ్యాసం రాసినా ఆ పేరు చెల్లదు. మా నమూనా జర్మనీ వెళ్లాలి. దేశం దాటాలంటే, అది పుట్టిన చోటి మనిషి 'నాకు నా భాషలో, ఏదీ దాచకుండా అంతా చెప్పారు, నేను ఒప్పుకుంటున్నాను' అని వేలిముద్ర వెయ్యాలి. చెప్పిన మనిషి కూడా కింద సంతకం పెట్టాలి. మా ఊరి భాష ఇబార్రాకి రాదు. లెయాండ్రోకి రాదు. నాకొచ్చు.

మార్చిలో ఒక శనివారం ముగ్గురం కారులో వెళ్లాం. ఇబార్రా అమ్మకు మిఠాయి డబ్బా తెచ్చాడు. అమ్మ వంటపాకలో పొయ్యి పక్కన వాళ్లకు బల్లలు వేసి, మొక్కజొన్న అంబలి పోసింది.

"రెండు ముక్కల్లో చెప్పేయ్ లాండీ," అన్నాడాయన కాగితం నా ముందుకు తోసి. "మీ అమ్మగారిని విసిగించకు."

కింద గీత మీద నా పేరు ముందే అచ్చువేసి ఉంది: 'ఏదీ దాచకుండా వివరించినవారు'. ఆ కాగితాలన్నిటిలో నా పేరు పైకి కనిపించేలా ఉన్నది అక్కడొక్కచోటే.

మా భాషలో మొదలుపెట్టాను. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా, ఏ ముక్కా వదల్లేదు. అమ్మ రొట్టెలు తిరగేస్తూ వింది.

"అయితే నా ఈగల కడుపులో ఉన్నదాన్ని ఈయన కనిపెట్టాడా?"

"నేను కనిపెట్టానమ్మా. నువ్విచ్చిన పుప్పొడితో."

"మరి పేరు ఎవరిది?"

"వాళ్ల డైరెక్టరుది."

"ఆయన ఎప్పుడైనా నా కొట్టానికి వచ్చాడా?"

"లేదు."

"పోనీ నా తేనె తిన్నాడా?"

"ఆయనకి చక్కెర జబ్బు."

"సొమ్మొకడిది సోకొకడిది," అంది అమ్మ రొట్టెతోనే చెబుతున్నట్టు. "మరి నీ పేరు?"

"వెనకాల. కృతజ్ఞతల్లో."

ఇబార్రా ముందుకు వంగాడు. "ఏమంటోంది? ఒప్పుకుంటోందా?"

"ఇంకా వింటోంది డాక్టర్ గారూ."

అమ్మ చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. "అయింది కదా మీ పని. మరి నా ఈగలేవే? ఫ్రీజర్‌లో ఉన్నాయన్నావుగా, ఇవాళ తెచ్చావా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మళ్లీ ఫ్రీజర్ అనొచ్చు. అంటే ఇబార్రాకి తెలియదు, లెయాండ్రోకి తెలియదు. కాగితం నా మోకాలి మీద ఉంది.

"ఉడకబెట్టి పారేశారమ్మా," అన్నాను.

"ఎవరు?"

"ల్యాబ్‌లో."

"ల్యాబ్‌కి చేతులుంటాయా? ఎవరు?"

"నేను."

పెనం మీద రొట్టె మాడుతున్నా అమ్మ తియ్యలేదు. వాసనకి లెయాండ్రో అటు చూశాడు.

"ఎన్ని?"

"తెచ్చిచ్చిన నలభై కాక, ఆరు వందల పన్నెండు."

అమ్మ మాడిన రొట్టె తీసి కోళ్ల వైపు విసిరింది. తర్వాత ఇబార్రా ఎదురుగా కూర్చుని, ఎప్పుడోగానీ మాట్లాడని స్పానిష్‌లో, ఒక్కో మాటా ఏరి పెట్టినట్టు అంది: "నా కూతురి పేరు. ఇక్కడ. మొదట." కాగితాలతో పాటు వచ్చిన వ్యాసం మొదటి పేజీ మీద, లెయాండ్రో పేరు మీద వేలు పెట్టింది. ఆవిడకు చదవడం రాదు. పైన ఉన్నదే ముఖ్యమని మాత్రం తెలుసు.

ఇబార్రా నవ్వాడు. "దోన్యా ఫిదేలియా గారూ, అదంత తేలిక కాదు. కావాలంటే ఆ జీవికి మీ పేరే పెడతాం. ఎంత గౌరవమో చూడండి! ప్రపంచమంతా మీ పేరు చదువుతుంది."

నేను తర్జుమా చేశాను. అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "పురుగు పొట్టలో పురుగుకి నా పేరా? వద్దు బాబూ, మీ పెద్దాయనదే ఉంచండి. ఆయనకి నప్పుతుంది."

ఇది కూడా వదలకుండా తర్జుమా చేశాను. ఏదీ దాచకూడదు కదా.

"మూడో పేరుగా పెడతాను," అన్నాడు ఇబార్రా. వేలిముద్రకని తెరిచిపెట్టిన సిరా డబ్బాకు అమ్మ మూత పెట్టేసింది. "రెండో పేరు," అన్నాడు. అమ్మ లేచి గిన్నెలు సర్దింది. బేరం చేతకాక కాదు, సంతలో ముప్పై ఏళ్లు తేనె అమ్మిన మనిషి.

అప్పుడు లెయాండ్రో నేల చూస్తూ అన్నాడు: "ఆ ప్లేట్లు లాండీ గారివే డాక్టర్. అందరికీ తెలుసు."

ఇబార్రా జేబులోంచి పెన్ను తీసి మొదటి పేజీ మీద గీత కొట్టి, నా పేరు పైన రాశాడు. పక్కన సంతకం చెయ్యమన్నాను. చేశాడు. అమ్మ మూత తీసి బొటనవేలు సిరాలో ముంచి ఒత్తింది. నేను కింద సంతకం పెట్టాను. అంతా కలిపి గంట కూడా పట్టలేదు.

వాళ్ల కారు సందు తిరగ్గానే నేను పరుగెత్తుకుంటూ వచ్చాను. అమ్మ అప్పుడే కొట్టం వైపు వెళ్తోంది. వెనకాలే వెళ్లబోతే గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రాకు."

"అదేంటమ్మా? ఇప్పుడేగా నా తరఫున..."

"నా కూతురి కష్టం ఇంకొకడు మింగేస్తుంటే చూస్తూ కూర్చోను. అది వేరు. ఇది వేరు."

"నేనేం చెయ్యను? వాడు బయటికి తేనివ్వలేదు! ఉద్యోగం పోయేది. నీకు నెలనెలా ఎవరు పంపుతారు? వాణ్ణి అంబలి పోసి కూర్చోబెట్టావు, నన్ను మాత్రం—"

"గొంతు తగ్గించు," అంది నెమ్మదిగా, వెనక్కి కొట్టం వైపు చూసి. నన్ను పెరడు దాటించి, సందులోకి తీసుకొచ్చి నిలబెట్టింది. "వాడు దొంగ. దొంగని తెలిసే పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను, లోపలికి రానిచ్చానా? నిన్ను రానిచ్చాను. దుంగలు తెరిచి, ఏవి కావాలో ఏరుకో అన్నాను. కుదరటం లేదమ్మా అని ఒక్కమాట చెప్పి ఉంటే, నాలుగు తిట్టి ఒప్పుకునేదాన్నేమో. ప్రతి ఆదివారం నా చేతి రొట్టె తింటూ ఫ్రీజర్‌లో ఉన్నాయన్నావు."

అయినా కోపం మాత్రం ఉంది, మొండిగా, సాయంత్రం బస్సు ఎక్కేదాకా.

మే నెలలో వ్యాసం అంగీకరించారని ఉత్తరం వచ్చింది. మొదటి పేజీ అచ్చు వేయించుకుని ఊరికి పరుగెత్తాను. లాండీ షోల్, అన్నిటికన్నా ముందు. వానల ముందు ఆఖరి తేనె తీసే రోజది. అమ్మ కొట్టంలో దుంగ మూత తెరిచి, మైనపు కుండలకు ఒక్కొక్కదానికీ చిల్లు పొడుస్తోంది. ఎప్పుడూ పక్కన తేనె పట్టే సొరకాయ బుర్ర పట్టుకునేది నేనే. ఆ రోజు మా పిన్ని నెల్సీ పట్టుకుంది. నేను గడప బయట ఎండలో నిలబడి, ఆ కాగితం పైకెత్తి చూపించాను.

అమ్మ చూసింది. "ఏది, పైన ఉన్నదేనా నీ పేరు?" అంది. అవునన్నాను. "బాగుంది," అంది, నిజంగా సంతోషంగానే. మళ్లీ దుంగ మీదికి వంగింది.

"ఏమిటే, పిల్ల ఎండలో నిలబడిపోయింది? లోపలికి రమ్మనవేం?" అంది పిన్ని.

"దాని చేతులు ఇంకా శుభ్రం కాలేదు," అంది అమ్మ.

శుభ్రం! పదకొండేళ్లుగా రోజుకు ఇరవైసార్లు స్పిరిట్‌తో కడిగిన చేతులవి. గోళ్ల సందుల్లో బ్రష్షుతో రుద్దిన చేతులు. మేరిదా మొత్తం మీద ఇంతకన్నా శుభ్రమైన చేతులుంటే చూపించమనండి. ఆ మాటే గట్టిగా అందామని నోరు తెరిచాను. ఈగలు నా తల పక్కనుంచి కొట్టంలోకి వెళ్తూ వస్తూ ఉన్నాయి.

నోరు మూసుకుని, గడప ఇవతలే నిలబడ్డాను.